రెండో తరగతి పాపకి అక్షరాలు పట్టుబడటం లేదు, ఒళ్ళూ తడబడుతోంది: ఆటలు మానిపించాలా, పెంచాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. పాపకి ఏడేళ్ళు. నోటితో అడిగితే అన్నీ చెబుతుంది, చదవమంటే ‘న–స’, ‘ప–వ’ కలిపేస్తుంది. ఇంగ్లీషులో బీ, డీ తిరగేస్తుంది. గీత మీద రాయలేదు. బంతి వేస్తే పట్టుకోలేదు, మెట్లు దిగేటప్పుడు తడబడుతుంది. స్కూల్లో ‘లెర్నింగ్ డిఫికల్టీ కావచ్చు’ అన్నారు. ట్యూషన్ టీచరేమో ఆటలు తగ్గించి ఇంకో గంట కూర్చోబెట్టమంటున్నారు. ఒక సెంటరువాళ్ళు పాకించడం, గిరగిరా తిప్పడం లాంటి వ్యాయామాలు ఆరు నెలలు చేయిస్తే చదువు దానంతటదే వస్తుందంటున్నారు. ఇంట్లో ఏం చేయించాలి?

ఇద్దరి మాటా వినకండి. ఆటలు తగ్గించొద్దు, రోజుకి అరగంట పద్ధతిగా పెంచండి. అయితే ఆ అరగంట వల్ల చదవడం వచ్చేస్తుందని ఆశ పెట్టుకోవద్దు. గెంతడం నేర్పితే గెంతడం వస్తుంది, అక్షరం నేర్పితే అక్షరం వస్తుంది. ఒకటి నేర్పితే రెండోది ఉచితంగా రాదు. పాపకి రెండూ కావాలి కాబట్టి రెండూ విడివిడిగా, ఒకదాని వెనక ఒకటి పెట్టుకోవాలి.

మరి ఆట వల్ల లాభమేంటి? మొదటిది దృష్టి. ఇరవై నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా కదిలాక పిల్లలు కాసేపు నిలకడగా కూర్చుంటారు. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, అతిచురుకుదనం) ఉన్న పిల్లల్లోనూ లేని పిల్లల్లోనూ పరీక్షించి చూసిన సంగతే ఇది. ఆ నిలకడ ఎక్కువసేపు ఉండదు, అందుకే ఆట తర్వాత స్నానం, టిఫిన్, టీవీ అయ్యాక పుస్తకం తీస్తే ఆ లాభం పోయినట్టే. రెండోది ఒంటి తడబాటు. చదువులో ఇబ్బంది ఉన్న పిల్లల్లో చాలామందికి శరీర కదలికల్లో కూడా ఇబ్బంది ఉంటుంది. దీన్ని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు, పొట్టిగా డీసీడీ. బడి ఈడు పిల్లల్లో నూటికి అయిదారుగురికి ఉంటుందని అంచనా. కండరాల్లో లోపం ఉండదు, బద్ధకమూ కాదు. ఏ కదలిక ఎప్పుడు, ఎంత బలంతో చెయ్యాలో మెదడు వేసుకునే లెక్క ఆలస్యంగా కుదురుతుంది. మిగతా పిల్లలు చూసి నేర్చేసుకునేదాన్ని వీళ్ళకి మెట్లుమెట్లుగా నేర్పాలి, ఎక్కువసార్లు చేయించాలి. మూడోది తోటిపిల్లలతో చెలిమి. బంతి పట్టలేని పిల్లని ఎవరూ జట్టులో వేసుకోరు. వేసుకోకపోతే ఆడదు, ఆడకపోతే ఎప్పటికీ రాదు. ట్యూషన్ టీచరు చెప్పినట్టు చేస్తే ఈ సుడి ఇంకాస్త బిగుసుకుంటుంది.

మొదలుపెట్టే ముందు డాక్టరు చూడాల్సినవి

కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. ఈ రెండూ తేలకుండా ‘లెర్నింగ్ డిజేబిలిటీ’ అనే మాట ఎవరూ వాడకూడదు. సర్కారు బళ్ళలో ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందాలు వచ్చి చూస్తాయి, ప్రైవేటు బడైతే మీరే తీసుకెళ్ళాలి.

కింద చెప్పేవాటిలో ఏ ఒక్కటి ఉన్నా వ్యాయామాలు పక్కన పెట్టి ముందు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇదివరకు వచ్చిన పని ఇప్పుడు రాకుండా పోవడం. ఒకవైపు చెయ్యో కాలో మాత్రమే బలహీనంగా ఉండటం. ఆడుతూ ఆడుతూ కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఆగిపోవడం, పిలిచినా పలకకపోవడం (పరధ్యానం అనుకుంటాం, అది ఒక రకం ఫిట్స్ కావచ్చు). నేల మీద నుంచి లేచేటప్పుడు చేతులతో తన తొడల మీదే ఊతం తీసుకుంటూ పైకి రావడం. ఈ చివరిది ముఖ్యంగా మగపిల్లల్లో కండరాల జబ్బుకి గుర్తు కావచ్చు, దాన్ని ‘వీక్‌నెస్’ అని టానిక్కుతో సరిపెట్టకూడదు.

ఇది చదివే మిగతా తల్లిదండ్రుల్లో డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు ఎవరికైనా ఉంటే ఒక మాట. పిల్లిమొగ్గలు, తలకిందులుగా నిలబడటం, ట్రాంపొలిన్ మీద గెంతడం డాక్టరు సరేననేదాకా వద్దు. ఆ పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలో రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. మెడనొప్పి, నడక మారడం, చేతుల్లో బలం తగ్గడం, ఉన్నట్టుండి బట్టల్లో మూత్రం పోవడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

కావలసిన సామాను

పెద్దగా ఏమీ కొనక్కర్లేదు. సుద్దముక్కలు, ఓ బెలూన్ల ప్యాకెట్టు, 20 సెంటీమీటర్ల మెత్తటి బంతి, ఒక నూలు తాడు. వీటితోపాటు చిన్న మూటలు నాలుగు కుట్టండి. పాత జీన్స్ గుడ్డ 12 సెంటీమీటర్ల చదరాలు రెండేసి కలిపి, లోపల వంద గ్రాముల దాకా చింతపిక్కలు వేసి మూతి కుట్టేయాలి. బియ్యం, పెసలు అయినా ఫర్వాలేదు గానీ పురుగు పడతాయి. నిండుగా నింపొద్దు, మూడింట రెండొంతులే. నిండుగా ఉన్న మూట అరచేతిలో పడి ఎగిరి బయటికి పోతుంది. వదులుగా ఉన్నది చేతికి అతుక్కున్నట్టు కూర్చుంటుంది. బంతి పట్టలేని పిల్లకి ఈ తేడా చాలా పెద్దది.

చోటు: వసారా, వాకిలి, అపార్ట్‌మెంటు పార్కింగు, ఏదైనా సరే, నాలుగు మీటర్లు పొడవుంటే చాలు. పిట్టగోడ పొట్టిగా ఉంటే డాబా మీద వద్దు. గచ్చు మీదైతే చెప్పుల్లేకుండా, బండల మీదైతే తడి లేకుండా చూసుకోండి. మన ఎండల్లో మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఏడున్నర లోపో, సాయంత్రం ఆరు తర్వాతో.

అరగంటని ఎలా పంచాలి

మొదటి పది నిమిషాలు ఆయాసం వచ్చే ఆట. తర్వాతి పది నిమిషాలు ఒకే ఒక్క నైపుణ్యం. ఆ తర్వాత అయిదు నిమిషాలు చేతివేళ్ళ పని. మిగిలిన అయిదు నిమిషాల్లో మంచినీళ్ళు తాగి, వెంటనే చదువు, అదీ పదిహేను నిమిషాలే. అయిదేళ్ళు దాటిన పిల్లలకి రోజుకి సగటున గంటసేపు ఇలాంటి చురుకైన కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, వైకల్యం ఉన్న పిల్లలకీ అదే లెక్క. మిగతా అరగంట మీ పర్యవేక్షణ లేని మామూలు ఆటకి వదిలేయండి. పొద్దస్తమానం ‘థెరపీ’ చేయిస్తే పిల్ల ఆటంటేనే మొహం చాటేస్తుంది.

ఆయాసం ఎంత వరకు? ఆడుతూ మాట్లాడగలగాలి, పాట పాడమంటే మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన మోతాదు. ముట్టుకునే ఆట, కుంటాట, నేలా–బండా ఏదైనా సరే. ఇంట్లో ఒక్కతే ఉంటే జంతువుల నడకలు బాగా పనికొస్తాయి. ఎలుగుబంటిలా చేతులూ కాళ్ళూ నేలకానించి నడుం పైకెత్తి నడవడం, వెల్లకిలా పీతలా నడవడం, కప్పగంతులు. ఒక్కోటి మూడు మీటర్లు వెళ్ళి రావడం, నాలుగుసార్లు. వీటివల్ల భుజాలకీ మణికట్టుకీ బరువు మోసే పని తగులుతుంది. ఎలుగుబంటి నడకలో మోచేతులు లోపలికి విరిగిపోయినట్టు వంగుతుంటే దూరం సగానికి తగ్గించండి, సాగదీయొద్దు.

కుదురుగా ఉండలేని పిల్లలకి ఆగడం ఉన్న ఆటలు పరుగు కంటే మేలు చేస్తాయి. ‘ఐస్’ అనగానే బిగుసుకుపోవడం, ‘వాటర్’ అనగానే కదలడం. చప్పట్లు కొట్టినంతసేపు నడిచి, ఆపగానే ఒంటికాలి మీద ఆగడం. అలవాటయ్యాక నియమం తిరగేయండి. చప్పట్లు కొడితే ఆగాలి, ఆపితే నడవాలి. అలవాటుపడ్డ పనిని ఆపుకుని కొత్త నియమం గుర్తుపెట్టుకోవడం అనేది తరగతి గదిలో నిమిష నిమిషానికీ అవసరపడే శక్తి. తిరగేసిన రోజు తప్పులు చాలా వస్తాయి, నవ్వేసి కొనసాగించండి.

ఒక్క నైపుణ్యం: బంతి పట్టడం

ఒకేసారి పది వ్యాయామాలు మొదలుపెట్టడం ఇళ్ళలో తరచు జరిగే పొరపాటు. యూట్యూబులో చూసి రోజుకొకటి మారుస్తారు, ఏదీ పిల్ల ఒంటికి పట్టదు. ఒకటి ఎంచుకుని మూడు వారాలు దాని మీదే ఉండండి. ఎంచుకునేది పాపే అయితే ఇంకా మంచిది. వీధిలో పిల్లలు ఇప్పుడు ఏం ఆడుతున్నారో, అందులో తనకి ఏది రావాలని ఉందో అడగండి. డీసీడీకి ఇప్పుడు ఎక్కువగా సిఫారసు చేసేది కూడా ఈ దారే. ఏ పని రావాలో ఆ పనినే విడగొట్టి నేర్పడం. విడిగా కండరాల బలం, విడిగా బ్యాలెన్స్ నేర్పితే అవి అసలు పనిలోకి అంతగా చేరవు.

పాప బంతి ఎందుకు పట్టలేకపోతోందో ముందు ఫోనులో అర నిమిషం వీడియో తీసి నిదానంగా చూడండి. మామూలుగా కనిపించేవి మూడు. బంతి వచ్చేసరికి కళ్ళు మూసుకుని మొహం పక్కకి తిప్పేస్తుంది, అది భయం. బంతిని కాక మీ మొహాన్ని చూస్తూ ఉంటుంది, అది చూపు ఎక్కడ పెట్టాలో తెలియక. రెండు చేతులూ కర్రల్లా ముందుకు చాచి, బంతి ఛాతీకి తగిలాక వాటేసుకోబోతుంది, అది వేళ కుదరక. ఒక్కోదానికి మందు వేరు.

భయానికి బెలూను. మెల్లగా దిగుతుంది, తగిలినా నొప్పి లేదు. చూపుకి రంగు: మూటకి ఒకవైపు ఎర్రగుడ్డ, ఇంకోవైపు పచ్చగుడ్డ వేసి కుట్టి, ‘చేతిలో పడ్డప్పుడు పైన ఏ రంగుందో చెప్పు’ అనండి. ‘బంతిని చూడు, బంతిని చూడు’ అని వందసార్లు అన్నదానికంటే ఇది బాగా పనిచేస్తుంది. వేళ కుదరకపోతే నేలమీద ఒకసారి పడి లేచే బంతి వేయండి. పడ్డ చప్పుడు ‘ఇప్పుడు చేతులు కలుపు’ అనే సైగ అవుతుంది.

మెట్ల వరస ఇలా పెట్టుకోండి: బెలూను రెండు చేతులతో, నేలమీద దొర్లించిన పెద్ద బంతి, ఒకసారి పడిలేచిన బంతి, ఒక మీటరు దూరం నుంచి కింది నుంచి వేసిన మూట దోసిలితో పట్టడం, అదే మూట రెండు మీటర్ల నుంచి, అదే దూరం నుంచి బంతి, చివరికి తను ఎగరేసి తనే పట్టుకోవడం. విసరడం ఎప్పుడూ చేతిని కింది నుంచి పైకి ఊపుతూ, పాప బొడ్డు ఎత్తుకి. పై నుంచి విసిరితే మొదటి మెట్టుకి తిరిగి వచ్చినట్టే.

పదిసార్లు వేయండి, కాస్త ఆగి ఇంకో పది. పదికి ఎనిమిది పట్టిన రోజులు వరసగా రెండు వస్తే పై మెట్టు. నాలుగుకి తగ్గితే కింది మెట్టు. ఈ లెక్క కాగితం మీద రాయండి, అమ్మానాన్నల జ్ఞాపకం నమ్మదగింది కాదు. బాగా ఆడిన రోజు అన్నీ వచ్చినట్టుంటుంది, చిరాకు పడ్డ రోజు ఏమీ రానట్టుంటుంది.

పట్టలేకపోయినప్పుడు వెంటనే సరిదిద్దకండి. ‘ఏమైంది?’ అని అడిగి ఊరుకోండి. ‘తొందరగా చేతులు మూసేశా’ అని తనే చెబితే, ‘అయితే ఈసారి ఏం చేద్దాం?’ అనండి. గురి పెట్టుకోవడం, ఉపాయం వేయడం, చేసి చూడటం, కుదిరిందో లేదో సరిచూసుకోవడం అనే ఈ నాలుగంచెల పద్ధతిని కెనడా ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే నిపుణులు) ఇలాంటి పిల్లల కోసమే రూపొందించారు. పెద్దవాళ్ళు చెప్పిన ఉపాయం ఆ పూటకి పనిచేస్తుంది, తను కనిపెట్టిన ఉపాయాన్ని మర్నాడు కూడా వాడుతుంది.

తాడాట, తొక్కుడుబిళ్ళ, సైకిలు

తాడాట చాలా ఇళ్ళలో మొదటి రోజే చెడుతుంది, తాడు తప్పు కావడం వల్ల. పాప తాడు మధ్యలో నిలబడితే రెండు కొసలూ చంకల దాకా రావాలి. మూడున్నర, నాలుగడుగుల పిల్లకి సుమారు రెండు మీటర్లు. బట్టలారేసే నైలాన్ తాడు తేలిక, గాలిలో మెలికలు తిరుగుతుంది, ఎక్కడుందో చేతికి తెలియదు. నూలు తాడు తీసుకుని, తోటకి నీళ్ళు పట్టే పైపు ముక్క జానెడు కోసి మధ్యలోకి ఎక్కించండి. నేలకి తగిలినప్పుడు టప్‌మని చప్పుడొస్తుంది, ఎప్పుడు ఎగరాలో ఆ చప్పుడే చెబుతుంది.

నేలమీద పరిచిన తాడు మీదుగా రెండు కాళ్ళతో ముందుకీ వెనక్కీ గెంతడంతో మొదలు. తర్వాత మీరు ఒక కొస పట్టుకుని రెండో కొస కిటికీ ఊచకి కట్టి మెల్లగా పాములా ఆడించండి, దాటమనండి. ఆ తర్వాత తాడుని మడిచి ఒక్క చేత్తో పక్కన తిప్పుతూ, తగిలిన ప్రతిసారీ గెంతడం. ఇది కుదిరాకే రెండు చేతులు. తల మీదుగా తెచ్చి ముందు పడేయడం, ఆగడం, దాటడం. ఈ ఆగడాన్ని వారం పదిరోజులు ఉండనివ్వండి, మెల్లగా దానంతటదే తగ్గిపోతుంది. చేతులు భుజం నుంచి పెద్ద చక్రాల్లా తిరుగుతుంటే చంకలో చెరో రుమాలు పెట్టి జారకుండా తిప్పమనండి, మణికట్టు పనిలోకి వస్తుంది.

తొక్కుడుబిళ్ళ నిజానికి ఒకేసారి నాలుగు పనులు: విసరడం, ఒంటికాలి గెంతు, గడుల వరస గుర్తుంచుకోవడం, వంగి బిళ్ళ తీసుకోవడం. అందుకే ఈ పిల్లలు అందులో ఓడిపోతుంటారు. విడగొట్టండి. గడులు 40 సెంటీమీటర్ల చదరం, మొదట నాలుగే. బిళ్ళ బదులు చింతపిక్కల మూట, జారిపోదు. మొదటి వారం రెండు కాళ్ళతో గెంతడం, తర్వాత పక్కన మీ వేలు పట్టుకుని ఒంటికాలు, తర్వాత వేలు లేకుండా. ఏడేళ్ళకి చాలామంది పిల్లలు ఒంటికాలి మీద పది సెకన్ల దాకా నిలబడగలరు. పాప మూడు నాలుగు సెకన్లకే కాలు దించేస్తుంటే గెంతు సంగతి తర్వాత, ముందు గోడకి ఒక వేలు ఆనించి నిలబడటం సాధన చేయించండి.

సైకిలుకి పక్కచక్రాలు పెట్టొద్దు. అవి బ్యాలెన్స్ నేర్పవు, వాలడం నేర్పుతాయి. పెడళ్ళు ఊడదీసేయండి. చాలా పిల్లల సైకిళ్ళకి 15 నంబరు స్పానరు సరిపోతుంది. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది, గడియారం ముళ్ళు తిరిగే వైపుకి తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక మర పాడుచేసుకుంటారు. సీటు పూర్తిగా దించి రెండు పాదాలూ నేలకి ఆనేలా చూసి, నడుస్తూ, పరిగెడుతూ, చివరికి రెండు కాళ్ళూ ఎత్తి మూడు నాలుగు మీటర్లు జారేదాకా అలాగే ఉంచండి. అప్పుడు పెడళ్ళు తిరిగి బిగించండి.

చేతులు, రాత

ఇక్కడ అచ్చంగిల్లాలు, వామనగుంటలు, గోళీలు ఏ థెరపీ బొమ్మకీ తీసిపోవు. ఒక్కో గింజని బొటనవేలూ చూపుడువేలుతో తీసి, మిగతా గింజల్ని అరచేతిలోనే దాచుకుంటూ ఒక్కోటి గుంటలో వదలడం పెన్సిలు పట్టుకి కావలసిన కదలికే. చిక్కుడుకాయలు ఒలవడం, బట్టల క్లిప్పులు పెట్టడం, చపాతీ పిండి ఉండలు చేయడం ఇంటిపనిలోనే కలిసిపోతాయి.

అయితే మళ్ళీ అదే మాట. వేళ్ళు చురుకైనంత మాత్రాన రాత కుదరదు, రాయించాలి. తెలుగు అక్షరాల్లో ఎక్కువ భాగం సున్నా చుట్లు, ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలన్నదే చిక్కు. గోడ మీద తడి బ్రష్‌తో పాప భుజం ఎత్తులో అడుగు ఎత్తు అక్షరం రాయించండి. గోడ నిటారుగా ఉంటుంది కాబట్టి మణికట్టు సరైన వైపుకి వంగుతుంది. రాస్తూ పలకాలి. రోజుకి రెండే అక్షరాలు, అవీ ఒకేలా కనిపించేవి కాకూడదు. ‘న’ బాగా స్థిరపడిన వారం తర్వాతే ‘స’. రెండూ పక్కపక్కన పెట్టి తేడా చూపిద్దామనుకుంటారు గానీ తికమక అలాగే గట్టిపడుతుంది. తర్వాత పలక, ఆ తర్వాతే కాగితం. పెన్సిలు బదులు మూడు సెంటీమీటర్ల సుద్దముక్కో క్రేయాన్ ముక్కో ఇవ్వండి. పొట్టి ముక్కని పిడికిలితో పట్టడం కుదరదు.

కూర్చునే తీరు కూడా చూడండి. కుర్చీలో కాళ్ళు వేలాడుతుంటే కాళ్ళకింద డబ్బా పెట్టండి. నేలమీదైతే చిన్న పీట మీద కూర్చోబెట్టి ఎదురుగా పొట్టి బల్ల వేయండి. నడుం నిలబడటానికే సగం శక్తి పోయే పిల్లకి అక్షరానికి మిగిలేది సగమే. బీ, డీ తిరగేయడం గురించి మాత్రం అతిగా బెంగపడకండి, ఏడేళ్ళ దాకా మామూలు పిల్లల్లోనూ ఉంటుంది.

గడుల్లో అక్షరాలు రాసి గెంతించే ఆట గురించి కొందరు అడుగుతుంటారు. ఆడించండి, కానీ గెంతుతున్నప్పుడు ఆ అక్షరం శబ్దం నోటితో పలికితేనే ఉపయోగం. నాలుగక్షరాలకి మించొద్దు. రోజూ గడుల చోటు మార్చండి, లేకపోతే పిల్ల అక్షరాన్ని కాక మూలని గుర్తుపెట్టుకుంటుంది. దీనికంటే నాకు నచ్చేది మాటని అక్షరాలుగా విడగొట్టి అడుగులు వేయించడం. ‘కోతి’కి రెండడుగులు, ‘అరటి’కి మూడు, ‘గుమ్మడి’కి మూడు. తర్వాత ‘అరటిలో మొదటి అడుగు తీసేస్తే ఏం మిగిలింది?’ అని అడగండి. మాటలోని ధ్వనులు విడగొట్టి వినగలగడం చదువుకి నేరుగా పనికొచ్చే శక్తి. అడుగులు ఇక్కడ లెక్క కోసం మాత్రమే.

ఆ సెంటరు ప్యాకేజీ గురించి

పిల్లల్ని తిరిగి పాకించి మెదడుని ‘మళ్ళీ అమర్చే’ పద్ధతి కొత్తది కాదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1968లోనే దాన్ని తప్పుపట్టింది, 1982లోనూ 1999లోనూ అదే మాట మళ్ళీ చెప్పింది. కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పడం, చేతిని అడ్డంగా ఎదుటి మోకాలికి తాకించి ‘రెండు మెదళ్ళు కలుస్తాయి’ అనడం కూడా చదువు విషయంలో నిలబడే రుజువులున్నవి కావు. ఎదుటి మోకాలు తాకడం వల్ల నష్టమేమీ లేదు, డబ్బూ ఆరు నెలల కాలమూ నష్టం. రెండో తరగతిలో ఆరు నెలలు చిన్న విషయం కాదు. సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపీ (ఊపడం, తాకించడం లాంటివాటితో ఇంద్రియాల స్పందనని సరిదిద్దే ప్రయత్నం) పేరు కూడా వింటారు. దాని మీద అదే సంఘం 2012లో రుజువులు పరిమితంగానే ఉన్నాయంది, మిగతా శిక్షణతో కలిపి వాడుకోవచ్చంది. ఎవరినైనా ఒకటే అడగండి: ‘మూడు నెలల తర్వాత పాప ఏ పని చేయగలుగుతుంది? దాన్ని ఎలా కొలుస్తారు?’ ‘బ్రెయిన్ డెవలప్ అవుతుంది’ అన్నదే జవాబైతే లేచి వచ్చేయండి.

స్కూలు, సర్కారు

పీఈటీ సారుతో ఒకసారి విడిగా మాట్లాడండి. ఓడితే ఔటయ్యే ఆటల్లో ముందు ఔటయ్యేది, అంటే అందరికంటే తక్కువ ఆడేది, ఎవరికి ఎక్కువ సాధన అవసరమో ఆ పిల్లే. ఔటైనవాళ్ళు అయిదుసార్లు గెంతి తిరిగి ఆటలోకి రావచ్చనే నియమం పెట్టమనండి. జట్లు పిల్లల్ని ఎంచుకోనివ్వకుండా సారే వేయాలి. హోంవర్కు చేయలేదని ఆటల పీరియడు మాన్పించడం ఈ పాప విషయంలో జరగకూడదని క్లాసు టీచరుకి కాగితం మీద రాసివ్వండి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయుల్ని కలవండి, ఫిజియోథెరపిస్టు ఏ రోజుల్లో వస్తారో అడగండి. జిల్లా ఆసుపత్రిలో డైక్ అని పిలిచే సత్వర చికిత్స కేంద్రం ఉంటే పరీక్షలకి అక్కడికి వెళ్ళొచ్చు. హైదరాబాదు దగ్గరైతే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజేబిలిటీ (చదవడం, రాయడం, లెక్కల్లాంటి వాటిలో ఉండే ప్రత్యేక ఇబ్బంది) కూడా ఉంది. కానీ ఆ నిర్ధారణ మామూలుగా ఎనిమిదేళ్ళ దగ్గర చేస్తారు. అందాకా ఊరికే కూర్చోవాలని కాదు, నేర్పే తీరు ఇప్పటి నుంచే మార్చొచ్చు.

ఫలితం ఎప్పటికి? వారానికి అయిదు రోజులు చేస్తే బంతి, తాడు లాంటివాటిలో ఆరు వారాలకి తేడా కాగితం మీద కనిపించాలి. రాతకి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆరు వారాల తర్వాత కూడా అదే మెట్టు మీద ఉంటే వీడియోలు, ఆ లెక్కల కాగితం పట్టుకుని ఆక్యుపేషనల్ థెరపిస్టుని కలవండి. వాళ్ళ మొదటి గంట పని అందులోనే ఉంటుంది.

మెట్ల తడబాటు ఒకటి మిగిలింది. పగటి వెలుతురులో ఎలా దిగుతోంది, సాయంత్రం ఎలా దిగుతోంది, విడిగా చూడండి. మసక వెలుతురులో మాత్రమే తడబడుతుంటే అది కళ్ళ డాక్టరుకి చెప్పాల్సిన సంగతి. ఎప్పుడూ తడబడుతుంటే ప్రతి మెట్టు అంచుకీ రెండంగుళాల పసుపురంగు టేపు అంటించండి. కింది మూడు మెట్లతోనే మొదలుపెట్టి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని కాలు మార్చి కాలు వేస్తూ దింపండి. మీరు పక్కన కాదు, ఒక మెట్టు కింద, తనకి ఎదురుగా ఉండాలి.